గడి కాపలా

అక్షరం ముక్క లేని పుస్తకం పట్టుకుని నేను రెండో తరగతిలోకి వెళ్ళిన వారమే మిల్లులో సమ్మె మొదలైంది. దానికీ దీనికీ సంబంధమేమీ లేదు. కానీ మా వీధివాళ్ళు ఆ వానాకాలాన్ని తలుచుకున్నప్పుడల్లా నా పుస్తకాన్ని కూడా తలుచుకుంటారు, అదీ తిట్టుకుంటూనే. తిట్టుకోనీ. వాళ్ళు చెప్పేది వాళ్ళు చెబుతున్నారు, నేను చెప్పేది నేను చెబుతాను.

ఎక్కడో మూతపడిన గ్రంథాలయం వాళ్ళు అట్టపెట్టెలకెత్తి పంచిపెట్టిన పుస్తకాల్లో ఒక పెట్టె మా బడికి వచ్చింది. చెదలు తినగా మిగిలినవాటిలో అది నా చేతికి తగిలింది. ప్రతి పేజీలో నాలుగు గళ్ళు, ఒకదాని కింద ఒకటి. పై గడిలో ఒక మేడ. దాని కింద బస్సు. మూడో గడిలో రోడ్డు. అడుగు గడిలో వంతెన కింద ఒక కుక్క, దాని పిల్లలు. నాలుగు గళ్ళలో నాలుగు కథలు, అన్నీ ఒకేరోజు జరుగుతుంటాయి. ఒక గడిలో మనిషి అంచుదాకా నడిచి మాయమవుతాడు, పేజీ తిప్పితే ఇంకో గడిలో తేలతాడు. మేడ మీద గాలికి ఎగిరిపోయిన గొడుగు నాలుగు పేజీల తర్వాత కుక్కపిల్లల మీద కప్పుగా పడుతుంది. ఎక్కడా ఒక్క మాట రాసి ఉండదు.

హెడ్మాస్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి నా బల్ల మీద పడేశారు.

"చదవేస్తే ఉన్న మతి పోయిందని, ఇదేం పుస్తకం టీచరమ్మా? ఇందులో పాఠమేదీ?"

"పిల్లలు చెబుతారు సార్."

"పిల్లలే చెబితే ఇంక మనకెందుకు జీతం?"

"ఆ సంగతి పైవాళ్ళ చెవిన వెయ్యకండి సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ బడిలో లేరు.

నాకు ఆ పుస్తకంతో పనిపడింది పాఠం కోసం కాదు, కొట్లాటల కోసం. మా బడి నిండా మిల్లువాళ్ళ పిల్లలే. సమ్మె మొదలయ్యాక యాజమాన్యం కొంతమందిని మంచి చేసుకుని మిల్లు లోపలే పడకలు వేయించి, తిండి పెట్టి, గేటు దాటే పని లేకుండా పనిచేయించుకుంటోంది. వీధిలో వాళ్ళకు 'లోపలివాళ్ళు' అని పేరు పడింది. దొంగ అంటే ఊరుకునేవాడు కూడా లోపలివాడు అంటే ఊరుకునేవాడు కాదు. ఆ మాట మీదే మా తరగతిలో పలకలు పగిలాయి, ఒకడి పన్ను ఊడింది. అరవడానికి నా గొంతు చాలలేదు. అప్పుడు ఈ పుస్తకాన్ని నేల మీద పరిచి, పడనివాళ్ళను ఏరి చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో గడి అప్పజెప్పాను. నీ గడికి నువ్వే కాపలా అన్నాను.

అందరూ ఒక్కసారే అరవకుండా నియమం కూడా నేనే పెట్టాను. ఎవరి గడిలో జరిగేది వాళ్ళే చెప్పాలి. మనిషి గడి దాటిపోతే కాపలావాళ్ళు "వెళ్ళిపోయాడు, నా గడిలో లేడు" అనాలి. అప్పుడు ఎవరి గడిలో తేలితే వాళ్ళు "నా గడికొచ్చాడు" అని అందుకోవాలి. కాపలావాళ్ళు "వెళ్ళిపోయాడు" అనేదాకా ఇంకొకళ్ళు ఆ మనిషిని ముట్టుకోకూడదు. పిల్లలకు ఇది ఎంత తలకెక్కిందంటే, వారం తిరిగేసరికి వీధిలో ఆటల్లో కూడా అదే మాట. పిల్లి కనబడకపోతే "నా గడిలో లేదు" అని అరిచేవాళ్ళు, నాలుగిళ్ళ అవతల నుంచి "నా గడికొచ్చింది" అని జవాబు వచ్చేది.

మేడ గడి మా అమ్మాయిది. ఏడేళ్ళు, ఒక్కచోట వాలదు కాబట్టి దాన్ని పిచ్చుక అనేవాళ్ళం. రోడ్డు గడి బొంగరానిది. వాడు మా పక్కింటి యూనియన్ లీడరు గారి అబ్బాయి. ఆయన మా ఆయనకు చిన్ననాటి స్నేహితుడు, నాకు వరసకు బావగారు, పిచ్చుకకు పెదనాన్న. రెండిళ్ళకూ నడుమ ఒకే గోడ. ఆ గోడ మీంచి రోజూ ఏదో ఒకటి అటూ ఇటూ చేతులు మారుతూనే ఉండేది. వంతెన గడి, మిల్లు లోపలే కాపురముండి వంట చేసే ఆవిడ కూతురిది. ఆ పిల్ల బడిలో చేరినప్పటి నుంచి నోరు విప్పింది లేదు. తెలివిలేక కాదు, రాయమంటే రాసేది. మాట మాత్రం బంగారం. పిల్లలు మూగనోము అని పేరు పెట్టేశారు. బస్సు గడి మాత్రం రోజుకొకరికి ఇచ్చేదాన్ని.

పుస్తకం మధ్యలో ఒక బకెట్టు గొడవ ఉంది. మేడ మీద ఒకాయన బకెట్టు నీళ్ళు చూడకుండా కింద పోస్తాడు. ఆ నీళ్ళు బురదై, రెండు పేజీల తర్వాత రోడ్డు గడిలో సైకిలాయన జారి పడతాడు. మోకాలు చితికి రక్తం.

"టీచర్, మా వాణ్ణి పడేసింది పిచ్చుక గడిలో వాడు," అన్నాడు బొంగరం.

"ఆయన పడెయ్యలేదు. నీళ్ళు పోశాడంతే," అంది పిచ్చుక. "ఆయనకేం తెలుసు?"

"తెలీకపోతే?"

"పైన ఉన్నాడుగా. కింద ఎవరొస్తున్నారో పైవాళ్ళకు తెలీదు."

రెండు రోజులు ఇదే తగువు. మూడో రోజు పేజీ తిప్పితే బకెట్టాయన మెట్లు దిగి, గడి దాటి, రోడ్డు మీదికి వచ్చి సైకిలాయనకు చెయ్యి అందిస్తున్నాడు. పిచ్చుక గొప్పగా "వెళ్ళిపోయాడు, నా గడిలో లేడు" అంది. "నా గడికొచ్చాడు" అన్నాడు బొంగరం. వాడి కోపమంతా ఎటుపోయిందో, ఆ బొమ్మ మీద చెయ్యి వేసి నిమిరాడు. "వచ్చాడు టీచర్. వచ్చాడుగా, ఇంక సరే."

మా ఆయన మిల్లులో ఫిట్టరు. మగ్గాలంటే ప్రాణం. సమ్మెలో మొదటి పదిరోజులూ ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. తలుపుల బందులకు నూనె పెట్టాడు. నా కుట్టుమిషనుకు పెట్టాడు. బావగారి సైకిలుకు పెట్టాడు. మా అత్తయ్య "ఇంక నా మోకాళ్ళున్నాయి, వాటికి కూడా పెట్టరా" అంది.

"వానాకాలం, షెడ్డులో చెమ్మ," అనేవాడు. "నూనె పడకపోతే నెల తిరక్కుండా తుప్పు పడతాయి. మళ్ళీ మనమే కదా నడపాల్సింది?"

"మగ్గాలు వాళ్ళవిరా, ఆకలి మనది," అనేవారు బావగారు నవ్వుతూ. ఆయన గట్టిగా మాట్లాడ్డం నేను గేటు దగ్గర తప్ప ఎక్కడా వినలేదు.

ఒకరోజు మా ఆయన, వేరే ఊళ్ళో తెలిసినవాడి లేతు షాపులో పని దొరికిందనీ, సమ్మె తేలేదాకా అక్కడుండి వస్తాననీ చెప్పాడు. బయల్దేరే ముందు కళ్ళజోడు కింద పడి పుల్ల విరిగింది. పాడైన ఫ్యాను మోటారులోంచి రాగితీగ లాగి నేనే చుట్టి ఇచ్చాను. ఆదివారం ఆదివారం సందు చివర కిరాణా కొట్టుకు ఫోన్ చేసేవాడు. పిచ్చుకా నేనూ వెళ్ళి మాట్లాడి వచ్చేవాళ్ళం.

గేటు దగ్గర ఎవరో, ఫిట్టరు కూడా లోపలే ఉన్నాడేమో అన్నారట. బావగారు లేచి, "వాడు లోపలుంటే నా తల తీసి గేటుకు కట్టండి" అన్నారట. ఈ సంగతి అక్క, అంటే బావగారి భార్య, గోడ మీంచి నాకు చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. మా ఆయన మీద ఒకరు అలా పందెం కాస్తే నాకు గర్వంగా అనిపించింది.

ఒక శుక్రవారం పుస్తకం పక్కనపెట్టి పిల్లలకు తలా ఒక కాగితం ఇచ్చాను. "నిన్న మధ్యాహ్నం అన్నం వేళకు మీ ఇల్లు ఎలా ఉందో అది మీ గడి. వెయ్యండి. తర్వాత అందరివీ కలిపి గోడకు అతికిద్దాం, మన వీధి పుస్తకం అవుతుంది," అన్నాను. బయట వాన. తరగతంతా తడిబట్టల వాసన. తలలు వంచి అంత శ్రద్ధగా వాళ్ళు వేస్తుంటే, హెడ్మాస్టరు ఇటొచ్చి చూస్తే బావుండు అనుకున్నాను.

పిచ్చుక తన బొమ్మ ఎత్తి చూపించింది. నానమ్మ, గోడ, ఆరేసిన చీర, చిలక్కొయ్యకు తగిలించిన నాన్న చొక్కా.

"మా నాన్న నా గడిలో లేడు," అంది, ఆటలో అన్నట్టే.

నియమం ప్రకారం ఎవరో ఒకరు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు. ఊళ్ళో లేని మనిషి ఎవరి గడిలో ఉంటాడు? సరేలే, తర్వాత ఎవరు అనబోయాను.

"నా గడికొచ్చాడు."

ఎవరిదో తెలియని గొంతు. సన్నగా, కొంచెం బొంగురుగా ఉంది. అందరూ వెనక్కి తిరిగితే గానీ అది మూగనోముదని నాకు అర్థం కాలేదు. ఆ పిల్ల లేచి నిలబడి కాగితం రెండు చేతులతో పట్టుకుంది. పొడుగాటి షెడ్డు, వరసగా కూర్చుని తింటున్న మగవాళ్ళు, పెద్ద గరిటెతో వాళ్ళమ్మ.

ఎన్నాళ్ళుగానో ఆ గొంతు కోసం ఎదురుచూస్తున్నదాన్ని. విన్న మాటేమిటో ఆలోచించకముందే సంతోషం పొంగుకొచ్చింది. "శభాష్! చూశారా, ఎంత బాగా చెప్పిందో. ఇంకా చెప్పమ్మా, ఎలా ఉన్నాడు?" అన్నాను.

"కళ్ళజోడు ఉంది," అంది ఆ పిల్ల. "చెవి దగ్గర తీగ చుట్టి ఉంటుంది. ఎర్రటి తీగ. రోజూ మా అమ్మను ఉప్పు అడుగుతాడు."

మా ఆయన ఏది తిన్నా ఉప్పు చాలదనేవాడు. బొంగరం తన బొమ్మకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. పిచ్చుక ముఖం ఒక్కటే వెలిగిపోతోంది. దాని నాన్న దొరికాడు మరి.

"ఊఁ, తర్వాత ఎవరు?" అన్నాను. ఆ పిల్లను కూర్చోమనడం మర్చిపోయాను. గంట కొట్టేదాకా అలాగే నిలబడింది.

పిల్లల నోట్లో నువ్వుగింజ నానదు. బడి వదిలిన కాసేపటికే వీధి వీధంతా తెలిసిపోయింది. కుళాయి దగ్గర నా బిందె ముందుకు జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు, కానీ నా వంతు వచ్చినప్పుడల్లా ఇంకెవరిదో బిందె అక్కడుండేది. అక్క ఆ రోజు గోడ దగ్గరికి రాలేదు. ఇంట్లో అత్తయ్య మాత్రం "చంటిపిల్ల మాట పట్టుకుని మొగుణ్ణి అనుమానిస్తావా?" అని నామీద ఇంతెత్తున లేచింది. లేచిన తీరు చూస్తే, ఆవిడకు ముందే తెలుసేమో అనిపించింది.

సాయంత్రం బావగారు వచ్చారు. ఎప్పుడూ అరుగు మీద కూర్చునే మనిషి, ఆ రోజు గుమ్మం బయటే నిలబడ్డారు.

"అమ్మాయ్, నేను పిల్ల మాట పట్టుకుని ఊగేవాణ్ణి కాదు. రేపు కాక ఎల్లుండి ఫోన్ వస్తుందిగా. నేనూ వస్తాను."

"మీరు వినేదేముంది బావగారూ? ఉంటే లోపల ఉన్నాడు, లేకపోతే లేడు. నేనే కనుక్కుని చెబుతాను."

"నువ్వు చెబితే నమ్ముతాను. అందుకే వస్తానంటున్నాను," అన్నారు. నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం రాకూడదని ఆయన ఆరాటం. అది నాకు తర్వాత ఎప్పటికో తెలిసింది.

ఆదివారం కుండపోత. కొట్టతను మమ్మల్ని చూసి ఫోన్ మా వైపు జరిపి, లోపలికి వెళ్ళి డబ్బాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మోగింది. ఎత్తాను. బావగారు నా పక్కనే, గొడుగు మూసి పట్టుకుని నిలబడ్డారు.

"ఎలా ఉన్నారు?" అంది మా ఆయన గొంతు.

"బానే ఉన్నాం. ఇక్కడ ఒకటే వాన. అక్కడ పడుతోందా?"

"లేదు లేదు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి."

అతని మాట వెనక రేకుల కప్పు మీద వాన దడదడా కొడుతోంది. నేను ఫోన్ చెవి మీంచి కొంచెం పక్కకు తీశాను. బావగారు వంగి విన్నారు. కొంచెంసేపే విన్నారు. నిటారుగా అయి, రోడ్డువైపు తిరిగి నిలబడ్డారు.

పిచ్చుక నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "నాన్నా, మూగనోము మాట్లాడింది తెలుసా!"

అటు నుంచి ఏమన్నాడో.

"నీ కళ్ళజోడు గురించి. నువ్వు వాళ్ళ గడిలో ఉన్నావంటగా. మన గడికి ఎప్పుడొస్తావు?"

అది "నాన్నా, నాన్నా" అంటూ కాసేపు ఫోన్‌ను ఊపి, తర్వాత నాకు ఇచ్చేసింది. లైను కట్ అయిపోయింది.

ఇంటికి వస్తుంటే దారంతా ముగ్గురం ఒకే గొడుగు కింద నడిచాం. నాకు ఒళ్ళు మండిపోతోంది. సిగ్గుతోనా, కోపంతోనా అంటే రెండూనూ. బావగారు మా గుమ్మం దగ్గర ఆగి, "వాణ్ణి అనకు. వాడికి మగ్గాల పిచ్చి. నూనె పెట్టొస్తానని వెళ్ళుంటాడు, అక్కడే ఉండిపోయి ఉంటాడు," అన్నారు.

"మీరెందుకండీ వెనకేసుకొస్తారు? మీ మాట పోయింది గేటు దగ్గర."

"అవును, పోయింది," అన్నారు.

ఆ వారంలో మిల్లులోంచి గుడ్డల బేళ్ళు లారీల్లో బయటికి పంపబోతున్నారని తెలిసింది. గుడ్డ బయటికి పోతే సమ్మె పోయినట్టే. గేటుకు అడ్డంగా పడుకోవాలని యూనియన్ తీర్మానించింది. మొదటి వరసలో తాను పడుకుంటానని బావగారు పేరిచ్చారు. అక్క ఏడ్చింది. గోడ మీంచి నన్ను పిలిచి, "నువ్వు చెప్పవే, నీ మాట వింటారు," అంది. నేను వెళ్ళాను. ఆయన బొంగరం పలక చట్రానికి మేకు కొడుతున్నారు.

"లీడరు ఎక్కడైనా ముందు పడుకుంటాడా బావగారూ? మీరు పోతే వీళ్ళకెవరు మాట్లాడతారు? వేరేవాళ్ళు లేరా?"

"ఉన్నారమ్మా, చాలామంది ఉన్నారు," అన్నారు తల ఎత్తకుండా. "వాళ్ళ స్నేహితులెవరూ లోపల లేరు."

మేకు కొట్టడం అయ్యాక చట్రాన్ని ఊపి చూసి, గట్టిగానే ఉందని బొంగరానికి ఇచ్చారు. నేను వచ్చేశాను.

లారీలు బయల్దేరిన రోజు మేం తరగతిలో ఉన్నాం. వాన తెరిపిచ్చింది. పిల్లలు ఆ పూట చాలా తక్కువమంది, పుస్తకం చుట్టూ అందరూ సరిపోయారు. మూగనోము మళ్ళీ నోరు మూసుకుంది. ఆ పిల్లతో మాట్లాడించడానికి నాకూ భయంగానే ఉంది. బొంగరం మాత్రం ఆ రోజు మంచి హుషారుగా ఉన్నాడు. గేటు దగ్గర నాన్న ముందు వరసలో ఉన్నాడని అందరికీ చెప్పుకున్నాడు, గేటు దగ్గర నాన్న మాట పోయినప్పటి నుంచి వాడితో మాట్లాడని పిల్లలు వారం తర్వాత మళ్ళీ మాట్లాడుతున్నారు. పేజీలో వాడి గడిలో రోడ్డు మీద అరటిపళ్ళ బండి తిరగబడింది, పళ్ళన్నీ దొర్లిపోతున్నాయి. ఒక్కొక్కటీ ఎవరి గడిలోకి పోతుందో వాడు వేలితో చూపిస్తున్నాడు.

మిల్లు వైపు నుంచి కేకలు వినబడ్డాయి. అవి రోజూ వినబడేవే. తర్వాత కేకలు ఆగిపోయాయి. చాలాసేపు ఏమీ వినబడలేదు. నేను పాఠం ఆపలేదు.

గుమ్మంలోకి యూనియన్ మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ళదాకా బురద. బొంగరం వైపు చూపించి, "బాబును పంపండి టీచర్," అన్నాడు. నేను ఆయన ముఖం చూశాను. ఆయన ఇక లేరన్నట్టు తల అడ్డంగా ఊపాడు, ఒక్కసారే.

బొంగరం లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"టీచర్, నా గడి ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాలే నాన్నా. నువ్వు వెళ్ళు," అన్నాను.

వాడు సంచి కూడా తీసుకోలేదు. నేను వాడి చోట నేల మీద కూర్చుని, మిగిలిన పేజీలన్నీ తిప్పించి, బడి వదిలే గంట దాకా రోడ్డు గడి చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

లారీ డ్రైవరు ఆపబోయాడనీ, బురదలో చక్రం జారిందనీ కొందరన్నారు. ఆపొద్దని వెనక నుంచి అరిచారని కొందరన్నారు. నేను చూడలేదు కాబట్టి చెప్పను. బావగారిని ఇంటికి తెచ్చినప్పుడు రెండిళ్ళ నడుమ గోడకు ఆనుకుని నేను నిలబడ్డాను. అక్క నన్ను చూసింది. వెళ్ళు అనలేదు, రా అనలేదు. ఊరంతా వచ్చింది. మా ఆయన రాలేదు. షెడ్డు నుంచి మా వీధికి నడిస్తే ఎంతో దూరం లేదు.

సమ్మె ముగిసింది అనడం కంటే చచ్చింది అనడం సబబు. ఒకరొకరే కాగితాల మీద సంతకాలు పెట్టి లోపలికి వెళ్ళారు. అక్క ఇల్లు ఖాళీ చేసి, ఏ ఊరో ఎవరికీ చెప్పకుండా కొడుకును తీసుకుని వెళ్ళిపోయింది. బడికి టీసీ కోసం ఆవిడ రాలేదు, తమ్ముణ్ణి పంపింది. ఆ అబ్బాయి చేతికి టీసీతోపాటు బొంగరం సంచి కూడా ఇచ్చాను. పలక తీసి చూశాను. చట్రం గట్టిగానే ఉంది.

అక్క వెళ్ళిన వారం తర్వాత మా ఆయన వచ్చాడు, పట్టపగలే, మిల్లు ముందు గేటులోంచే, సంచి భుజాన వేసుకుని. అత్తయ్య కాళ్ళకు నీళ్ళిచ్చింది. "తిలాపాపం తలా పిడికెడు. మనమొక్కళ్ళమే చేశామా?" అంది, ఎవరూ అడక్కుండానే.

నేను అన్నం పెట్టాను. ఆయన తల దించుకుని తిన్నాడు. ఉప్పు అడగలేదు.

"నూనె పెట్టడానికే వెళ్ళాను," అన్నాడు చివరికి. "పెట్టాక నడిపి చూడమన్నారు. నడిచాయి. నడుస్తున్నవాటిని ఆపమని నేనెలా అంటాను?"

"ఊరెళ్తున్నానని ఎందుకన్నారు?"

"లోపలికెళ్తున్నానంటే నువ్వు వెళ్ళనిచ్చేదానివా?"

"లేదు."

"అందుకే."

అంతకంటే మేం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత కూడా, ఇన్నేళ్ళలో, ఆ సంగతి మీద అంతకంటే మాట్లాడుకున్నది లేదు.

పిచ్చుక వసారాలో బోర్లా పడుకుని పాత క్యాలెండరు కాగితం వెనక బొమ్మ వేస్తోంది. నాన్నను చూసి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "వచ్చావా నాన్నా," అని మళ్ళీ బొమ్మ మీద పడింది. ఆయన చెయ్యి కడుక్కుని వెళ్ళి దాని పక్కన కూర్చున్నాడు. కాగితం మీద నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి.

"నన్ను వెయ్యలేదేమ్మా?"

"వేశాగా. ఇదిగో." పై గడిలో పొడుగాటి షెడ్డు, కళ్ళజోడు మనిషి, చేతిలో నూనె డబ్బా. అది వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది, బడిలో చదివినట్టే, కాస్త రాగం తీస్తూ. "నువ్వు మగ్గం బాగుచేశావు. గుడ్డ వచ్చింది. వెళ్ళిపోయింది. రెండో గడిలో లారీ ఎక్కింది. వెళ్ళిపోయింది. ఇది రోడ్డు గడి. ఇది పెదనాన్న."

పెదనాన్నను వెల్లకిలా, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని ఉన్నట్టు వేసింది. మధ్యాహ్నాలు అరుగు మీద ఆయన అలాగే పడుకునేవారు. అడుగు గడిలో పక్కిల్లు, తలుపుకు తాళం.

"నాకు తెలీదమ్మా," అన్నాడు మా ఆయన.

"తెలీదులే. నువ్వు పైన ఉన్నావుగా," అంది పిచ్చుక, ఓదారుస్తున్నట్టే. "తర్వాత కిందికొచ్చావు. ఇదిగో, ఇక్కడున్నావు."

రోడ్డు గడిలో, పడుకున్న పెదనాన్న పక్కన, కళ్ళజోడు మనిషి ఇంకోసారి ఉన్నాడు. చెయ్యి చాచి నిలబడ్డాడు.

"నేను... అక్కడికి రాలేదమ్మా."

"రావాలి నాన్నా. బకెట్టాయన వస్తాడు."

ఆయనకు అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను చెప్పలేదు. కాగితం చివర మిగిలిన ఖాళీ చూపించి, "సరే, ఇక్కడ మన ఇల్లు వెయ్యి. నన్ను మన ఇంట్లో వెయ్యి," అన్నాడు.

"అలా కుదరదు. నువ్వు బొంగరం గడిలో ఉన్నావు. వాడు 'వెళ్ళిపోయాడు' అంటేనే నేను నిన్ను ముట్టుకోవాలి."

"బొంగరం ఊళ్ళో లేడుగా తల్లీ."

"లేడు," అంది పిచ్చుక. క్యాలెండరు కాగితాన్ని తనవైపు తిప్పుకుని రోడ్డుకు రంగు వేయడం మొదలుపెట్టింది.

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రాగితీగ నల్లబడింది. మళ్ళీ నావైపు చూశాడు, అది ఉత్త ఆటేనని పిల్లకు చెప్పమన్నట్టు. ఆ నియమం పెట్టింది నేనే, తీసెయ్యాలంటే ఒక్క మాట చాలు. నేను ఆయన తిన్న కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.